అట్టడుగు నుంచి రెండు యూరోలీగ్‌ల దాకా: ఎఫెస్ చరిత్ర స్క్రిప్ట్ ఒకటి ఎలా సరిచేశాం (కేస్ స్టడీ)

నేను చేసే పని స్పోర్ట్స్ స్క్రిప్టులు, పెద్ద వ్యాసాలు ఎడిట్ చేయడం, ఫ్యాక్ట్ చెక్ కూడా అందులోనే కలిసి ఉంటుంది. ఈ కేసు రాసి పెట్టడానికి కారణం ఏంటంటే, క్లబ్బుల చరిత్ర రాసే కొత్తవాళ్లు చాలామంది ఇదే చోట ఇరుక్కుపోతున్నారు. గెలిచిన కప్పుల లిస్టు చేతిలో ఉంటుంది, లిస్టు చాలావరకు కరెక్టే ఉంటుంది, కానీ చదివినవాళ్లకి ఆ క్లబ్ ఎలా గెలిచిందో ఒక్క ముక్క అర్థం కాదు. రైటర్ ఎవరు, ఏ ఛానెల్, ఏ ఊరు లాంటివన్నీ తీసేశాను. క్లబ్ పేరు మాత్రం ఉంచాను, ఎందుకంటే కేసు మొత్తం దాని మీదే నడుస్తుంది. ఇస్తాంబుల్ బాస్కెట్‌బాల్ టీమ్, అనడోలు ఎఫెస్.

నేపథ్యం

రైటర్ ఇరవైల్లో ఉన్న అమ్మాయి. కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడింది, ఎన్‌బీఏ బాగా ఫాలో అవుతుంది, యూరప్ బాస్కెట్‌బాల్ గురించి తెలుగులో చెప్పేవాళ్లు చాలా తక్కువని తనే ఒక సిరీస్ మొదలుపెట్టింది, మొదటి ఎపిసోడ్‌కి ఎఫెస్‌ని తీసుకుంది.

ఎంపిక మంచిదే. ఇస్తాంబుల్‌లో పెద్ద స్పోర్ట్స్ క్లబ్బులంటే ఫెనర్‌బాచే, గలతసరాయ్, బెషిక్తాష్, మూడూ ఫుట్‌బాల్‌తో పెరిగినవే, మూడింటికీ వందేళ్లు దాటిన చరిత్ర ఉంది. ఎఫెస్ అలాంటిది కాదు, ఇది బాస్కెట్‌బాల్ కోసమే పుట్టింది. అనడోలు గ్రూప్‌కి చెందిన ఎఫెస్ పిల్సెన్ అనే బీర్ కంపెనీ 1976లో కదికోయ్‌స్పోర్ అనే రెండో డివిజన్ టీమ్‌ని తీసుకుని తన పేరు పెట్టి మొదలుపెట్టింది. 1978లో పై డివిజన్‌కి వచ్చారు, వచ్చిన మొదటి సీజన్ 1978-79లోనే టర్కీ ఛాంపియన్లు అయిపోయారు. అక్కడి నుంచి 2023 నాటికి లీగ్ టైటిళ్లు 16, 2022 నాటికి టర్కిష్ కప్పులు 12, యూరప్‌లో 1996 కోరాచ్ కప్ (అప్పట్లో మూడో స్థాయి టోర్నమెంట్), 2021, 2022 యూరోలీగ్‌లు (యూరప్ క్లబ్బులకి అన్నిటికంటే పెద్ద టోర్నమెంట్). ఎన్‌బీఏ చూసేవాళ్లకి తెలిసిన హిదాయెత్ తుర్కోలు, మెహ్మెత్ ఒకుర్ ఇద్దరూ అమెరికా వెళ్లింది ఈ క్లబ్ నుంచే.

అంటే సరుకుకి కొదవ లేదు.

వచ్చిన సమస్య

తను మొదటి డ్రాఫ్ట్ పంపితే ఛానెల్ వాళ్లు వెనక్కి కొట్టారు. ఇచ్చిన కారణం ఒకటే, ఎవరూ చివరిదాకా చూడరు అని. తను నా దగ్గరికి తెచ్చింది వేరే కంప్లైంట్‌తో. "అన్నా, ఒక్కో చోట ఒక్కో నంబర్ ఉంది, ఏది వెయ్యాలో తెలియక తల తిరుగుతోంది, నంబర్లు సెట్ చేసిపెట్టు చాలు" అంది.

ఇలాంటప్పుడు నేను ముందు చూసుకునేది, వచ్చినవాళ్లు చెప్పిన సమస్య, అసలు సమస్య ఒకటేనా కాదా అని. డ్రాఫ్ట్ చదివాక ఇక్కడ రెండు వేర్వేరు జబ్బులు ఉన్నాయని అనిపించింది. ఒకటి లెక్కలది, రెండోది కథది. లెక్కల జబ్బు నయం చేస్తే కథ దానంతటదే నడవదు, కానీ లెక్కలు తేలకుండా కథ జోలికి వెళ్తే తప్పు పునాది మీద కట్టినట్టు అవుతుంది. అందుకే ముందు లెక్కలే పట్టుకున్నాం.

ముందు చేసిన ప్రయత్నాలు, అవి ఎందుకు పనిచేయలేదు

నా దగ్గరికి రాకముందే తను ఒకటి ప్రయత్నించింది. ఇంగ్లిష్ పేజీల్లోని ట్రోఫీల టేబుల్ మొత్తం తెలుగులోకి దింపి, ఒక్కో కప్పుకి ఒక్కో లైన్ చొప్పున వాయిస్ ఓవర్ రాసుకుంది. పదో లైన్ దగ్గరికి వచ్చేసరికి వినేవాడికి 1994 ఏదో 2004 ఏదో గుర్తుండదు.

తర్వాత చేసింది దీనికి పూర్తిగా ఎదురు, ప్రతి సీజన్‌కీ ఒక పేరా. కోచ్ ఎవరు, ఎవరు వచ్చారు, ఎవరు పోయారు, ఎన్ని గెలిచారు అని. కష్టపడి చేసింది పాపం, కానీ ఓడిన సీజన్లన్నీ రెండేసి లైన్లలో తేల్చేసి గెలిచిన వాటిని మాత్రం సాగదీసింది. 2017-18 సీజన్‌కి ఉన్నది ఒకే ఒక్క వాక్యం, "ఆ ఏడాది టీమ్ ఆశించినంతగా రాణించలేదు" అని. ఆ వాక్యం చూడగానే నాకు అర్థమైంది ఈ స్క్రిప్ట్‌కి గుండె ఎక్కడుండాలో. కానీ అప్పుడే చెప్పలేదు, ముందు లెక్కలు.

లెక్కల దగ్గర తీసుకున్న నిర్ణయాలు

మొదటిది పేరు గొడవ. 2011కి ముందు అన్ని రికార్డుల్లో ఎఫెస్ పిల్సెన్ అని ఉంటుంది, ఆ తర్వాత అనడోలు ఎఫెస్. టర్కీలో పొగాకు, మద్యం మీద అధికారం ఉన్న రెగ్యులేటర్ కొత్త రూల్స్ తెచ్చి మద్యం బ్రాండ్ పేర్లు టీమ్‌లకి ఉండకూడదనడంతో పేరు మార్చాల్సి వచ్చింది. తన డ్రాఫ్ట్‌లో 1996 కోరాచ్ కప్ గెలిచింది అనడోలు ఎఫెస్ అని ఉంది, ఇంకో చోటేమో ఎఫెస్ పిల్సెన్ అనే వేరే క్లబ్ ఉన్నట్టు ఉంది. నేను పెట్టుకున్న రూల్ ఏంటంటే, ఓనర్‌షిప్ అదే, టీమ్ లీగ్‌లో స్థానం అదే, కాబట్టి టైటిళ్లు అన్నీ ఒకే ఖాతాలో వెయ్యాలి, కానీ ఒక సంఘటన చెప్పేటప్పుడు ఆ రోజున జెర్సీ మీద ఏ పేరుందో అదే వాడాలి. మరి కదికోయ్‌స్పోర్ సంగతి? అది చేతులు మారడమే ఎఫెస్ పుట్టుక, అందుకని లెక్క 1976 నుంచే, వెనక్కి లాగకూడదు. చరిత్రని పాతగా చూపిస్తే గొప్పగా ఉంటుందనే ఆశ రాసేవాళ్లకి ఉంటుంది, దానికి లొంగితే మిగతా లెక్కలన్నీ వదులైపోతాయి.

రెండోది "మొట్టమొదటి" అనే మాట. డ్రాఫ్ట్‌లో "యూరోలీగ్ గెలిచిన మొదటి టర్కీ క్లబ్" అని ఉంది. కాదు, అది ఫెనర్‌బాచే. 2017లో జెల్కో ఒబ్రాదోవిచ్ కోచింగ్‌లో, ఇస్తాంబుల్‌లోనే జరిగిన ఫైనల్లో ఒలింపియాకోస్‌ని 80-64తో కొట్టింది. ఈ తప్పు ఎలా వచ్చిందో వెతికితే దొరికింది, ఎఫెస్‌కి నిజంగానే ఒక మొట్టమొదటి ఉంది, 1996 కోరాచ్ కప్ టర్కీ బాస్కెట్‌బాల్ క్లబ్ గెలిచిన మొదటి యూరప్ ట్రోఫీ. అలాగే వరసగా రెండేళ్లు యూరోలీగ్ గెలిచిన మొదటి టర్కీ క్లబ్ కూడా ఇదే. ఈ రెండూ కలిసిపోయి మూడోది ఒకటి పుట్టింది. ఇలాంటి చోట నేను ఎప్పుడూ అడిగేది, "దేంట్లో మొదటి?" అని. కాంపిటీషన్ పేరు పక్కన లేకుండా మొట్టమొదటి అనే మాటని ఒక్కటి కూడా వదలను.

మూడోది 2001. అందరూ తడబడేది ఇక్కడే. 2000-01లో యూరప్ బాస్కెట్‌బాల్ రెండుగా చీలిపోయింది, ప్రపంచ బాస్కెట్‌బాల్ సంస్థ ఫీబా వాళ్లు సుప్రోలీగ్ నడిపారు, యూరప్ లీగ్‌ల సంఘం యూలెబ్ విడిగా యూరోలీగ్ పెట్టింది. ఎఫెస్ సుప్రోలీగ్‌లో ఆడి పారిస్ ఫైనల్ ఫోర్‌లో (చివరి నాలుగు టీమ్‌లు ఒకే ఊళ్లో ఆడే సెమీస్, ఫైనల్) మూడో స్థానంలో నిలిచింది. అంతకుముందు ఏడాది 2000లో థెస్సలొనీకిలో కూడా మూడో స్థానమే, కానీ అప్పుడు చీలిక లేదు. డ్రాఫ్ట్‌లో రెండూ "యూరోలీగ్ మూడో స్థానం" అని ఉన్నాయి. ఒక వాక్యం కలిపితే సరిపోయింది, కానీ ఆ వాక్యం లేకపోతే తెలిసినవాడు మొదటి కామెంట్‌లోనే పట్టుకుంటాడు.

నాలుగోది 2019-20. ఎఫెస్ 28 మ్యాచ్‌ల్లో 24 గెలిచి టాప్‌లో ఉంది, ఎఫెస్ ఆటగాడు షేన్ లార్కిన్ జర్మనీ టీమ్ బయర్న్ మీద ఒక్క మ్యాచ్‌లో 49 పాయింట్లు కొట్టింది ఆ సీజన్లోనే, 2000లో మొదలైన కొత్త యూరోలీగ్‌లో అప్పటికి అది రికార్డు. మార్చిలో కోవిడ్‌తో ఆగింది, మేలో సీజన్ రద్దు చేశారు, ఛాంపియన్ ఎవరూ లేరు. తను దీన్ని పూర్తిగా తీసేద్దామంది, ట్రోఫీ లేదు కదా అని. నేను ఒప్పుకోలేదు. టైటిళ్ల లెక్కలోకి రాదు, నిజమే. కానీ ఈ టీమ్ యూరప్‌లో అందరికంటే బలంగా ఉన్న సీజన్ ఏదని నన్నడిగితే గెలిచిన రెండేళ్లకంటే ముందు ఇదే చెప్తాను. లెక్కలో వెయ్యకూడనివి కథలో ఉండొచ్చు. ఈ తేడా అర్థమయ్యాక తన రాతలో చాలా మార్పు వచ్చింది.

ఐదోది పోలిక. ఎఫెస్‌కి 16 లీగ్ టైటిళ్లు, మరి వేరే క్లబ్బులతో పోల్చాలంటే? టర్కీలో ఇప్పుడున్న లీగ్ 1966-67లో మొదలైంది, దానికి ముందు టర్కీ ఛాంపియన్‌షిప్ అని వేరే టోర్నమెంట్ ఉండేది, పాత క్లబ్బుల లెక్కలు దాన్ని కలిపితే ఒకలా, కలపకపోతే ఒకలా వస్తాయి. తనకి నంబర్లు ఒక్కో చోట ఒక్కోలా కనిపించడానికి సగం కారణం ఇదే. 1976లో పుట్టిన ఎఫెస్‌కి ఈ బాధ లేదు కాబట్టి పోలికలో ఎప్పుడూ "లీగ్ మొదలయ్యాక" అనే షరతు పెట్టమన్నాను.

అసలు పని: అట్టడుగు సీజన్

లెక్కలు తేలాక 2017-18 దగ్గరికి వచ్చాం. ఆ ఏడాది యూరోలీగ్‌లో ఎఫెస్ 30 మ్యాచ్‌ల్లో గెలిచింది 7. పదహారు టీమ్‌ల్లో పదహారో స్థానం. ఏడాది తిరిగేసరికి 20 గెలుపులతో నాలుగో స్థానం, ప్లేఆఫ్స్‌లో బార్సిలోనా మీద 3-2, విటోరియా ఫైనల్ ఫోర్ సెమీస్‌లో ఫెనర్‌బాచే మీద 92-73, ఫైనల్లో సీఎస్‌కేఏ మాస్కో చేతిలో 91-83తో ఓటమి. అదే 2019లో ఫెనర్‌బాచేతో ఏడు మ్యాచ్‌ల ఫైనల్ ఆడి పదేళ్ల తర్వాత టర్కీ లీగ్ గెలిచారు.

ఇది చూడగానే తను "అన్నా, మన డెక్కన్ ఛార్జర్స్ లాగే కదా, 2008లో లాస్ట్, 2009లో కప్పు" అంది. తెలుగువాళ్లకి ఠక్కున ఎక్కే పోలిక, అందుకే ఉంచుదామన్నాను, కానీ ఒక్క వాక్యంలోనే. ఎందుకంటే ఛార్జర్స్‌ది కొన్ని వారాల టోర్నమెంట్, 14 లీగ్ మ్యాచ్‌లు, అక్కడ ఊపు దొరికితే సరిపోతుంది. యూరోలీగ్ అక్టోబర్ నుంచి వసంతం దాకా సాగుతుంది, మధ్యలో వారం వారం సొంత దేశపు లీగ్ కూడా ఆడుతూనే ఉండాలి, అంతకాలం 20 గెలుపులు ఊపు మీద రావు. పోలిక వినేవాణ్ని లోపలికి తీసుకురావడానికి పనికొస్తుంది, కారణం చెప్పడానికి పనికిరాదు.

మరి కారణం ఏంటి? డ్రాఫ్ట్‌లో ఉన్న జవాబు "కోచ్ ఎర్గిన్ అతామన్ మ్యాజిక్". చాలా చోట్ల ఇలాగే ఉంటుంది. దీన్ని ఎలా పరీక్షించాలో చూద్దాం అన్నాను. అతామన్ వచ్చింది 2018 వేసవిలో అనుకుంటుంది తను. కాదు, అప్పటి కోచ్ వెలిమిర్ పెరాసోవిచ్‌ని పంపించేసి 2017 డిసెంబర్‌లోనే అతామన్‌ని తెచ్చారు. అంటే అట్టడుగు సీజన్లో సగానికి పైగా కోచ్ ఆయనే, అయినా టీమ్ అట్టడుగునే ముగించింది. మ్యాజిక్ ఒక్కటే అయితే ఆ సగం సీజన్లో ఎందుకు పనిచేయలేదు?

అప్పుడు ఇంకో ఏడాది వెనక్కి వెళ్లాం. 2016-17లో ఇదే పెరాసోవిచ్ టీమ్ ప్లేఆఫ్స్‌కి వెళ్లి ఒలింపియాకోస్ చేతిలో ఐదో మ్యాచ్‌లో ఓడింది, అంటే ఫైనల్ ఫోర్‌కి ఒక్క మ్యాచ్ దూరం. ఫైనల్ ఫోర్ అంచు నుంచి అట్టడుగుకి ఒక్క వేసవిలో పడిపోయారు. ఆ వేసవిలో ఏం జరిగింది? బాల్ నడిపించే ఇద్దరు గార్డులు, థామస్ ఎర్టెల్ బార్సిలోనాకి, జేసన్ గ్రేంజర్ బాస్కోనియాకి వెళ్లిపోయారు. క్లబ్‌లోనే పెరిగిన జెడి ఒస్మాన్ ఎన్‌బీఏకి క్లీవ్‌లాండ్ వెళ్లిపోయాడు. మళ్లీ 2018 వేసవిలో ఎవరొచ్చారు? షేన్ లార్కిన్, వసిలీయె మిత్సిచ్, రోడ్రిగ్ బోబువా. ముగ్గురూ గార్డులే. బాస్కెట్ దగ్గర ఆడే బ్రయంట్ డన్‌స్టన్, అంచున ఆడే క్రునోస్లావ్ సిమోన్ మాత్రం అట్టడుగు సీజన్లో కూడా ఉన్నవాళ్లే.

ఈ రెండు వేసవులూ పక్కపక్కన పెట్టేసరికి తను కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "అయితే కోచ్‌ది ఏమీ లేదా" అని అడిగింది. అలా కూడా అనలేం. అదే 2017-18లో, యూరోలీగ్‌లో వరసగా ఓడుతున్న అదే టీమ్‌తో అతామన్ ఫిబ్రవరిలో టర్కిష్ కప్ గెలిచాడు. రెండు మూడు మ్యాచ్‌ల నాకౌట్‌కి ఉన్నవాళ్లతోనే ఏదో ఒకటి చేయగలిగాడు, ముప్పై మ్యాచ్‌లకి గార్డులు కావాల్సి వచ్చారు. పైగా ఆయనకి క్లబ్ కొత్త కాదు, 2000, 2001 ఫైనల్ ఫోర్‌లకి తీసుకెళ్లిందీ, 2009 లీగ్ గెలిపించిందీ ఆయనే, ఇది మూడోసారి రావడం. పోయిన సగం సీజన్లో ఏం తక్కువైందో దగ్గర్నుంచి చూసి వేసవిలో టీమ్ కట్టుకున్నాడు అని నా అంచనా. స్క్రిప్ట్‌లో కూడా అది అంచనా అని వినేవాళ్లకి తెలిసేలాగే రాయించాను, నిరూపించినట్టు రాయనివ్వలేదు.

ఏది పనిచేసింది

ఇక్కడి నుంచి పద్ధతి తేలిక అయిపోయింది. కప్పు దగ్గర ఆగి "ఎలా గెలిచారు" అని అడగడం మానేసి, ప్రతి మలుపు దగ్గరా "పోయిన ఏడాదికీ దీనికీ ఏం మారింది" అని అడగడం మొదలుపెట్టింది. అలా అడిగితే 2021 వేరేగా కనిపించింది, ఎందుకంటే జవాబు "పెద్దగా ఏమీ మారలేదు". అదే కోచ్, అదే లార్కిన్, అదే మిత్సిచ్. మూడో స్థానంలో వచ్చి, ప్లేఆఫ్స్‌లో రియల్ మాడ్రిడ్ మీద మొదటి రెండూ గెలిచి తర్వాతి రెండూ ఓడి ఐదోది గెలిచి, కొలోన్‌లో సీఎస్‌కేఏని 89-86తో, ఫైనల్లో బార్సిలోనాని 86-81తో కొట్టారు. ఫైనల్లో మిత్సిచ్ 25, లార్కిన్ 21, ఇద్దరివే సగానికి పైగా పాయింట్లు. 2018లో వేసిన పునాది 2021లో పండింది, మధ్యలో కోవిడ్ ఒక సీజన్ మింగేసినా టీమ్‌ని చెదరనివ్వలేదు. నా దృష్టిలో ఈ క్లబ్ సాధించినవాటిలో పెద్దది ఇదే, ఆ మూడేళ్లు చేతిలో ఉన్నవాళ్లని పట్టుకుని కూర్చోవడం. యూరప్‌లో డబ్బున్న క్లబ్బులు ఓడిన ప్రతి వేసవీ టీమ్‌ని ఊడ్చేస్తాయి, 2010ల్లో ఎఫెస్ కూడా కోచ్‌ల మీద కోచ్‌ల్ని మార్చింది.

అదే ప్రశ్న వెనక్కి వేస్తే 1996 కూడా తెరుచుకుంది. డ్రాఫ్ట్‌లో 1993 అసలు లేదు, ఓడిన ఫైనల్ కదా అని. ఆ ఏడాది తురిన్‌లో యూరోపియన్ కప్ (అప్పటి రెండో స్థాయి టోర్నమెంట్) ఫైనల్లో గ్రీస్ క్లబ్ అరిస్ చేతిలో 50-48తో ఓడారు, కోచ్ ఆయ్దిన్ ఓర్స్, టీమ్‌ని నడిపించింది పెతార్ నౌమోస్కి. మూడేళ్ల తర్వాత కోరాచ్ కప్ ఫైనల్లో మిలాన్ టీమ్ స్టెఫానెల్ మీద ఇస్తాంబుల్‌లో 76-68తో గెలిచి, మిలాన్‌లో 77-70తో ఓడి, మొత్తం మీద 146-145తో ఒక్క పాయింట్ తేడాతో కప్పు తెచ్చారు. అప్పుడూ కోచ్ ఓర్సే, నౌమోస్కీ ఉన్నాడు. ఓడిన కోచ్‌నే ఉంచి గెలిచారు. 1993ని తీసేస్తే 1996 ఎక్కడి నుంచో ఊడిపడినట్టు ఉంటుంది.

ఇక్కడ తనకి ఒక ఆశ పుట్టింది. 1993లో రెండు పాయింట్లు, 1996లో ఒక్క పాయింటు, 2022లో బెల్‌గ్రేడ్ ఫైనల్లో రియల్ మాడ్రిడ్ మీద 58-57తో మళ్లీ ఒక్క పాయింటు, దీన్నే థీమ్ చేసి "ఆఖరి సెకను క్లబ్" అని ఎపిసోడ్ కట్టేద్దామంది. హెడ్డింగ్ బాగుంది, నేనూ కాదనలేను. కానీ దాదాపు ముప్పై ఏళ్లలో మూడు ఫైనల్స్, 2022 నాటికి ఆటగాళ్లు వేరు, కోచ్ వేరు, మూడింట్లో ఒకటి ఓడిపోయింది. దీన్ని క్లబ్ స్వభావం అనేస్తే వినేవాడికి లేనిది అమ్మినట్టే. పక్కన పెట్టించాను. 2022 గురించి చెప్పాల్సింది వేరే ఉంది, ఆ సీజన్ మొదట్లో తడబడి ఆరో స్థానంలో ప్లేఆఫ్స్‌కి వచ్చారు, తమకంటే పైనున్న మిలాన్‌ని 3-1తో దాటారు, సెమీస్‌లో ఒలింపియాకోస్ మీద ఆఖరి క్షణంలో మిత్సిచ్ మూడు పాయింట్ల షాట్ వేసి 77-74 చేశాడు. నాలుగేళ్లుగా కలిసి ఆడుతున్న టీమ్ కాకపోతే ఆరో స్థానం నుంచి అక్కడిదాకా వెళ్లేదని నేననుకోను.

ఇలాంటి పని చేసేవాళ్లకి

లెక్కల షీట్ వేరు, స్క్రిప్ట్ వేరు పెట్టుకోండి. షీట్‌లో ప్రతి టైటిల్ పక్కన ఏ కాంపిటీషన్, అప్పుడు క్లబ్ పేరేంటి, ఆ ఏడాది అలాంటి టోర్నమెంట్లు రెండు నడిచాయా అనేది రాయండి. స్క్రిప్ట్‌లోకి అందులో పదో వంతు వస్తే చాలు. 16 టైటిళ్లనీ చదవక్కర్లేదు, 1992 నుంచి 94 దాకా వరసగా మూడు, 2002 నుంచి 2005 దాకా వరసగా నాలుగు, తర్వాత 2009 నుంచి 2019 దాకా ఎండిపోయిన పదేళ్లు, ఈ మూడు చెప్తే వినేవాడికి ఆకారం దొరుకుతుంది. ఒక మనిషి పేరుతో కారణం చెప్పాలనిపిస్తే ఆ మనిషి ఉండి కూడా ఓడిన సీజన్ ఉందేమో ముందు వెతకండి.

మిగిలిపోయిన వాదన

చివరి పేరా ఎక్కడ ఆపాలనే దగ్గర మా ఇద్దరికీ కుదరలేదు. 2022-23లో డిఫెండింగ్ ఛాంపియన్‌గా ఉండి ఎఫెస్ యూరోలీగ్ ప్లేఆఫ్స్‌కి కూడా వెళ్లలేదు, కానీ ఆ వేసవిలో ఇంకో టర్కీ టీమ్ కార్షియాకాని ఓడించి 16వ లీగ్ టైటిల్ తీసుకుంది. తర్వాత అతామన్ గ్రీస్ క్లబ్ పనాథినైకోస్‌కి, మిత్సిచ్ ఎన్‌బీఏకి ఓక్లహోమా సిటీకి వెళ్లిపోయారు. అక్కడ ఆపేద్దామని నేనన్నాను. తను మాత్రం 2024లో అతామన్ పనాథినైకోస్‌తో యూరోలీగ్ గెలిచాడు, అది కూడా ఉండాలని పట్టుబట్టింది. వేరే క్లబ్ చరిత్ర కదా అంటే, "కోచా, గార్డులా అని మనమే ప్రశ్న వేశాం కదన్నా, ఆ గార్డులు లేకుండా ఆయన ఇంకో చోట గెలిస్తే అది చెప్పకుండా ఎలా ఊరుకుంటాం" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. వాక్యం ఉండిపోయింది, మన అంచనాకి కొంచెం అడ్డం వచ్చేదే అయినా ఉండిపోయింది. ఎపిసోడ్‌ని ఛానెల్ వాళ్లు తీసుకున్నారు. తర్వాతిది ఫెనర్‌బాచే మీద చేస్తోంది, 1966కి ముందు టైటిళ్లకి షీట్‌లో విడిగా కాలమ్ పెట్టుకుంది.